ఖాళీ కొలిమికి సెలవు లేదు

మా మేడమ్ మొన్న ఉదయం పోయారు. కబురు నాకు కంపెనీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. కిందనే ఇంకో వాక్యం: 'సంతాపంగా రేపు ఫ్యాక్టరీకి సెలవు.'

అత్తిబెలెలో ఇనుప కడ్డీలను ఎర్రగా కాల్చి లారీల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ మాది. మేడమ్ అక్కడ ఇంజనీరింగ్ హెడ్. నాకు పని నేర్పిందీ, తిట్టిందీ, తన డబ్బాలోంచి పులిహోర పెట్టిందీ ఆవిడే. ఈ రోజు నాకు చేతనైనదంతా ఆ తిట్లలోంచి వచ్చిందే. ఆవిడ రోజూ మడివాళలో కంపెనీ బస్సెక్కి వచ్చేవారు. దిగగానే ఎవరినీ పలకరించేవారు కాదు, ముందు తలెత్తి చిమ్నీ వంక చూసేవారు. పొగ ఎక్కువగా కనిపిస్తే ఆ రోజు మా పని అయిపోయినట్టే.

చిమ్నీలోంచి వృథాగా పోయే వేడిని మేడమ్ పట్టి మళ్లీ కొలిమికే మళ్లించారు. గ్యాస్ వాడకం తగ్గింది, గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడూ తగ్గింది. సెలవు రోజుల్లో మాత్రం ఆవిడ మాట సాగలేదు. ఆ కొలిమిని మా ఓనరుగారి తండ్రి హోమం నిప్పుతో వెలిగించారట. లోపల ఒక్క కడ్డీ లేకపోయినా ఆదివారమంతా నిండు మంటతో మండాల్సిందే.

"మా నాయన ముట్టించిన నిప్పమ్మా. అది మండతా ఉంటేనే లక్ష్మి ఉంటాది," అనేవారు ఓనరు.

"ఆర్పమనలేదు సార్. సన్నమంట పెట్టి తలుపు మూయమంటాండా, అంతే. ఈ పొగ ఏ దేవుడికి నైవేద్యం?"

ఆయన నవ్వేసేవారు. చివరికి ఏం చేశారో తెలుసా? చిమ్నీకి ఆకుపచ్చ రంగు వేయించి, గేటు దగ్గర నాలుగు మొక్కలు నాటి ఫొటోలు దిగారు! రమ్మంటే మేడమ్ వెళ్లలేదు. "రంగేస్తే పొగ తగ్గుతాదేమప్పా?" అన్నారు నాతో. ఆ గొంతులో వెటకారం కంటే అలసటే ఎక్కువ.

నిన్న దహనం అయ్యాక నేరుగా ఫ్యాక్టరీకి వెళ్లాను. లోపల మనిషన్నవాడు లేడు. కొలిమి మాత్రం తలుపు బార్లా తెరుచుకుని, ఖాళీగా, భగభగ మండుతోంది. పక్కనే కుర్చీలో మేడమ్ ఫొటో, దానికో దండ. నాకు ఒళ్లు మండిపోయింది. దేన్ని తగ్గించమని ఇన్నేళ్లూ బతిమాలారో ఆ మంట ముందే కూర్చోబెట్టి నివాళా? సిగ్గుండక్కర్లేదూ?

వాల్వు తిప్పి మంట సన్నం చేసి, తలుపు దించాను. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, ఓనరు అడిగితే ఏం చెప్పేది?"

"మేడమ్ చెప్పినారని చెప్పప్పా."

ఫొటోను ఎత్తి దూరంగా గోడ వారకు చేర్చాను. దండలో కొలిమి వైపున్న బంతిపూలన్నీ అప్పటికే నల్లగా మాడిపోయి ఉన్నాయి.