దోమ కార్డు చదవదు

మాకు టీకాలు వేసిన సిస్టరమ్మ మొన్న శుక్రవారం పోయారు. నాతో ఓడల్లో ఫిట్టరుగా పనిచేసిన బావ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు. వింటూండగానే నా కుడిచెయ్యి దానంతటది ఎడమ జబ్బ మీదికి, ఆవిడ సూది వేసిన చోటికి వెళ్ళింది.

ఆఫ్రికా వైపు వెళ్ళే ఓడ ఎక్కాలంటే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని పసుపు కార్డు చూపించాలి. హార్బరు దగ్గరి ఆఫీసులో ఆ టీకా వేసేది ఆవిడే. పాత ఊరు వన్‌టౌన్‌లో ముస్లిముల ఇంటి మనిషి. మాలో ఎవరినైనా బేటా అనేవారు.

నా మొదటి ఓడకి ఆరు రోజులుందనగా వెళ్ళాను. సూది వేశాక చెప్పారు, కార్డు పదో రోజు నుంచి గాని చెల్లదని. పక్క బెంచీ మీద బావ గుసగుసగా, "తేదీ ఎనక్కి ఏయించీ బావా, ఏటవుతాది" అన్నాడు. అదే అడిగాను.

ఆవిడ కలం పక్కన పెట్టారు.

"రాసీడానికేటి, రాసేత్తాను బేటా. దోమ కార్డు సదవదు కదా. నీ ఒంట్లో కాపలావోడు లేవడానికి పది రోజులు కావాల. నిద్దరోతన్నోడికి తాళాలిచ్చి నిన్నెలా పంపను?"

ఆ ఓడ నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. మళ్ళీ పిలుపు వస్తుందో రాదో తెలీదు. కోపంగానే పదో రోజున ఆఫీసుకి వెళ్ళాను, కార్డు చెల్లుతుందా అని అడగడానికి. ఆవిడ కిటికీ దగ్గర టీ తాగుతున్నారు. బయట ఎండా మంచూ కలిసిపోయి, ఓడలు నీళ్ళ మీద ఉన్నాయో గాల్లో ఉన్నాయో తెలియడం లేదు.

"నానెప్పుడూ ఓడెక్కలేదు," అన్నారు. "దేశాలన్నీ నాకు జొరాల పేర్లతోటే తెలుసు. ఇది ఎల్లో ఫీవర్ దేశం, అది మలేరియా మాత్రల దేశం. నువ్వు తిరిగొచ్చి అక్కడ గాలెలా ఉంటాదో సెప్పు."

సరే అన్నాను.

రెండు నెలలకి ఇంకో ఓడ దొరికింది. ఆఫ్రికాలో ఒక నది ముఖద్వారం దగ్గర చాలా రోజులు ఆగాం. సాయంత్రం వెచ్చటి వాన పడేది. వాన వెలిశాక దోమలు పొగలా లేచేవి. రేవులో ఎవరికో ఎల్లో ఫీవర్ అని విన్న రోజున డెక్కు మీద నిలబడి నా జబ్బ తడుముకున్నాను. లోపల ఎవరో మేలుకుని ఉన్నట్టు అనిపించింది. కోపం ఎప్పుడు కరిగిందో తెలీదు.

తిరిగొచ్చేసరికి ఆవిడ రిటైరయ్యారు. ఇల్లు తెలుసు. గాలి ఎలా ఉందో చెప్పడానికి ఒకరి తలుపు తట్టాలా అని మొహమాటం. వచ్చే ఆదివారం వెళ్దాంలే అనుకుంటూ ఏళ్ళు గడిపేశాను. నేను రోజూ రాసుకునే పుస్తకంలో ఎన్ని చోట్ల ఉందో ఆ మాట, "సిస్టరమ్మ ఇంటికి వెళ్ళాలి" అని.

శనివారం వెళ్ళాను. ఆవిడ జనాజా పాడెను మనుషులు మారుతూ మోస్తున్నారు. నా వంతు రాగానే ఎడమ భుజం ఇచ్చాను. చాలా తేలిక మనిషి. మలుపు తిరిగాక గట్టు మీంచి హార్బరు కనిపించింది. నడుస్తూ లోలోపలే చెప్పడం మొదలుపెట్టాను. అక్కడ గాలి తడిగా ఉంటుంది సిస్టరమ్మా, పండిన పనస వాసన వేస్తుంది, వాన ముందు మన గాలిలాగే ఆగిపోతుంది.

దూరంగా మంచులో ఓడలు కదలకుండా నిలబడి ఉన్నాయి, పదో రోజు కోసం చూస్తున్నట్టు.