శుక్రవారం వాన, రెండు ఎగ్ పఫ్‌లు

ఆళ్లగడ్డలో టైల్స్ కొట్టుకు వచ్చినవాళ్లు ఫ్రాన్సిస్ మాట విన్నాక ఒట్టి చేతులతో తిరిగిపోయేవాళ్లు కాదు. జారే టైలును నునుపంటాడు, గరుకు టైలును కాలు నిలుస్తుందంటాడు. తాపీమేస్త్రీ ఏసయ్య కొడుకు. నాయన చేతులతో బతికితే తను నోటితో బతుకుతున్నానని తనే నవ్వుతూ చెప్పుకునేవాడు. పెళ్లి ఖాయం చేసుకునే ప్రధానం నాడు కూడా, లూదియాను గురించి నాలుగు మాటలు చెప్పమంటే, పెద్దవాళ్లు కళ్లు తుడుచుకునేటట్టు చెప్పాడు. లూదియా నంద్యాలలో ప్రైవేటు బడి టీచరు. ఆ మాటలకే ఆమె మనసు పారేసుకుంది.

ప్రధానానికీ పెళ్లికీ మధ్య పిల్లా పిల్లోడు కలిసి తిరగడం పెద్దలకు గిట్టదు. అయినా కొట్టుకు సెలవున్న రోజు చూసుకుని అతను నంద్యాల బస్సెక్కాడు, ఆమె బడికి సెలవు పెట్టింది. పార్కులో కూర్చుందామనుకుంటే దిగీ దిగకముందే వాన పట్టుకుంది. వానరోజు జంటలు ఎలా గడపాలో ఫోనులో వెతికాడు. ఇంట్లో కూర్చుని కలిసి వంట చేసుకోవాలట, బొమ్మలు గీసుకోవాలట. ఎవరింట్లో? ఏసయ్య ఇంట్లోనా? సినిమాహాల్లో ఎవరైనా చూస్తారని లూదియాకు భయం. బేకరీలో చెరో ఎగ్ పఫ్ తిన్నారు. అక్కడ ఉన్నవి రెండే బల్లలు, ఎప్పుడు లేస్తారా అని చూసేవాళ్లు బోలెడు మంది.

పక్క సందులో ముక్కూ మొహం తెలియనివాళ్ల చర్చి ఒకటి తలుపులు తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. చెప్పులు బయట విడిచి, ఖాళీ హాల్లో కూడా అలవాటు కొద్దీ అతను మగవాళ్ల వైపు చాప మీద, ఆమె ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్నారు. అంత దూరం నుంచే పెళ్లి చీర తెలుపా, గంధం రంగా అని మాట్లాడుకున్నారు. వానలో ఇంతకన్నా మంచి చోటు లేదనిపించింది ఇద్దరికీ.

ఆ రోజు శుక్రవారమని మాత్రం గుర్తు రాలేదు. చర్చిలోనే పుట్టి పెరిగినవాడికి శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుందని తెలియదా? ప్రేమకు కళ్లే కాదు, క్యాలెండరు కూడా ఉండదు.

తడిసిన గొడుగులతో ఆడవాళ్లు వచ్చారు. ముందు దెబోరమ్మ, ఆ ప్రార్థన నడిపే పెద్దావిడ. ఎవరు, యాడ నుంచి అని అడిగింది. వానకు తలదాచుకున్నాం అంటే సరిపోయేది. ఫ్రాన్సిస్ నోరు ఊరుకోదుగా.

“పెండ్లి కుదిరిందమ్మా. ఉపవాసముండి ప్రార్థన చేసుకుందామని వచ్చినాం.”

ఈ కాలంలో ఇట్లాంటి పిల్లలా అని ఆడవాళ్లు కరిగిపోయారు. దెబోరమ్మ అతని చేయి పట్టుకుంది.

“నా కూతురు కాన్పుకు కర్నూలు ఆసుపత్రిలో ఉండాది నాయనా. బిడ్డ అడ్డం తిరిగిందంట. పొద్దున్నుంచి నేను నీళ్లు గూడా ముట్టలేదు. ఉపవాసమున్న బిడ్డవు, నువ్వు చెయ్యి ప్రార్థన.”

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. మోకాళ్లూని, గొంతు వణికించి మరీ, ఆకలితో ఉన్న తమ మొర ఆలకించమని దేవుణ్ణి వేడుకున్నాడు. ఆడవాళ్లు ఏడ్చారు. పఫ్‌లోని ఉల్లిపాయ వాసన అతని నోటి నుంచి అతనికే కొడుతోంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి, మాటలు మాత్రం ఆగలేదు.

ఉపవాసం విడిచే వేళకు దెబోరమ్మ మొదటి నిమ్మనీళ్ల గ్లాసు తను తాగకుండా లూదియాకు అందించింది. లూదియా అందుకోలేదు.

“మేం తినే వచ్చినామమ్మా. వానకు ఈడ కూచున్నాం, అంతే.”

నేల విచ్చుకుంటే అందులోకి దిగిపోదామనిపించింది ఫ్రాన్సిస్‌కు. దెబోరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“తిన్నోని ప్రార్థన దేవుడు వినడా నాయనా? తిన్నానని చెప్పింటే సరిపోయేది గదా.”

అలా అని, గ్లాసు పక్కన పెట్టి మళ్లీ మోకాళ్లూనింది. కూతురి కోసం ప్రార్థన మొదటినుంచీ, తన మాటల్తోనే చేసుకోవడం మొదలుపెట్టింది.

బస్టాండు దాకా ఇద్దరూ తడుస్తూనే నడిచారు. ఆళ్లగడ్డ బస్సు కదిలే ముందు లూదియా అడిగింది.

“ప్రధానం నాడు నన్ను గురించి చెప్తివే, అవీ ఇట్లాంటి మాటలేనా?”

ఫ్రాన్సిస్‌కు జవాబు వెంటనే దొరికింది. చాలా మంచి జవాబు. వింటే ఆమె నమ్మేది కూడా. నోటిదాకా వచ్చిన ఆ జవాబును చూసి అతనికే భయమేసింది. చెప్పకుండా బస్సెక్కాడు.