కిటికీ పక్క బెంచీ

నిన్న మా అమ్మాయి పౌరశాస్త్రం పుస్తకంలోని 'అంటరానితనం', 'వివక్ష', 'సమానత్వపు హక్కు' అన్న మాటలకు అర్థాలు అడిగింది. నాకు 1986లో నేను చదివిన, బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు బడి గుర్తుకు వచ్చింది.

మా తరగతిలో కిటికీ పక్కనున్న వెనుక బెంచీ సఫాయి పనివారి పిల్లలది. రైలింజన్లు కనిపించే ఆ చోటు వారికి దక్కిన గౌరవమనుకొని, ఒకరోజు నేనూ వెళ్లి వారిలో ఒకరైన మరియమ్మ పక్కన కూర్చున్నాను.

"ఏటే, ఇక్కడికొచ్చినావు? టీచరమ్మ సూస్తే నన్నే కొడతాది," అంది మరియమ్మ.

"ఇంజన్లన్నీ నీకేనేటి?" అన్నాను.

టీచరుగారు నన్ను మెల్లగా లేపి ముందు బెంచీకి పంపి, మరియమ్మను బెత్తంతో కొట్టారు. ఇంజన్లు పోయాయని నేను ఏడ్చాను. మరియమ్మ ఏడవలేదు.

అమ్మాయికి నిర్వచనాలు చెప్పలేదు. మా తరగతి గది గీసి, ఆ బెంచీ ఎక్కడ ఉండేదో చూపించాను.