ఉపదేశి అయ్యన్న చీటీ

కోయిలకుంట్ల చుట్టుపక్కల మూడు పల్లెల చర్చిలకు అయ్యన్న ఒక్కడే ఉపదేశి. పాస్టరుగారు నెలకొకసారి వచ్చి రొట్టె, ద్రాక్షరసాల సంస్కారం ఇచ్చి కారెక్కి పోతారు. మిగిలిన ఆదివారాలన్నీ అయ్యన్నవే. పొద్దున ఏడింటికి ఒక ఊరు, తొమ్మిదిన్నరకు ఇంకో ఊరు, పన్నెండుకు మూడోది. ఇరవై రెండేళ్లుగా పాత మోపెడ్ మీద ఇదే తిరుగుడు. మూడో ఊరు చేరేసరికి మోకాళ్లు పీకుతుంటాయి, గొంతు బొంగురుపోతుంది. వాక్యం చెప్పే మనిషికి కూడా ఆకలేస్తుందన్న సంగతి ఎవరికీ తోచదు.

ఆ మూడో ఊళ్లో రోగుల కోసం ప్రార్థన ఉంటుంది. జబ్బుపడినవాళ్ల పేర్లు ఒక చీటీలో రాసుకుని, ఒక్కొక్కటే చదివి స్వస్థత అడగాలి. చెమటకు చీటీ నానిపోతోందని అయ్యన్న ఆ మధ్య జిరాక్సు అంగట్లో దానికి లామినేషన్ చేయించాడు. చేసిన తెలివితక్కువ పని అదే. ప్లాస్టిక్ లోపలికి పోయిన పేరును కొట్టేయడానికి లేదు. జబ్బు నయమైనవాళ్లూ, ఊరే విడిచిపోయినవాళ్లూ అందులోనే ఉండిపోయారు. బస్సు కండక్టరు స్టేజీల పేర్లు అరిచినట్టు ఆయన గడగడా చదివేవాడు, జనం పేరుపేరుకూ ఆమెన్ అనేవాళ్లు. చదివేవాడి మనసు అన్నం మీద, వినేవాళ్ల మనసు శనగ చేని మీద. దేవుడి ఓపికను మెచ్చుకోవాలి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం అయ్యన్న, "గిడ్డమ్మకు స్వస్థత దయచేయుము ప్రభువా" అని చదివాడు. అందరూ ఆమెన్ అన్నారు. గిడ్డమ్మను ఐదు రోజుల కింద సమాధి చేయించింది ఆయనే.

ఆయనకు ఆ సంగతి తట్టనే లేదు. సాయంత్రం గిడ్డమ్మ కూతురు జెస్సీ ఫోన్ చేసింది.

"అయ్యగారూ, ఈ పొద్దు మాయమ్మ పేరు సదివినారు."

"తప్పయిపోయిందమ్మా. అలవాటులో..."

"మిమ్మల్ని అనడానికి ఫోన్ చేయలే. నేను గూడా ఆమెన్ అన్నా గదా. ఇంటికొచ్చి ఖాళీ మంచం చూసేదాకా నాకు తెలీనే లే. కడుపున పుట్టినదాన్ని."

ఆ వారమంతా అయ్యన్న ప్రార్థన చేయలేకపోయాడు. మోకాళ్లూనగానే పాత మాటలు వాటంతటవే నోటికొచ్చేవి, ఆ మాటలంటేనే ఆయనకు రోత పుట్టింది. ఇన్నేళ్లూ దేవుడితో మాట్లాడాడో చీటీతో మాట్లాడాడో తేల్చుకోలేకపోయాడు. ఉపదేశి పని మానేద్దామని నిశ్చయించుకున్నాడు. మానేముందు ఒక్కసారి నిజం చెప్పాలనుకున్నాడు.

మరుసటి ఆదివారం మూడో ఊళ్లో చీటీ తీయకుండా లేచి నిలబడ్డాడు.

"సచ్చిపోయిన మనిషికి పోయిన వారం స్వస్థత అడిగినా. మీరంతా ఆమెన్ అన్నారు. దేవుడు ఈడ ఉండాడని మనలో ఎవరికైనా గుర్తుండాదా? నేను శానా అలిసిపోయినా. ఈ పొద్దు నాకు ప్రార్థన రాదు. మీకొస్తే మీరే చేయండి."

అని నాపరాళ్ల మీద చతికిలబడ్డాడు.

జనం మొహామొహాలు చూసుకున్నారు. సంఘంలో పెద్దావిడ సోమక్క, "ఉపదేశే ఇట్లంటే మాకు మాటలు యాడ్నుంచి వస్తాయి?" అని సణిగింది. చివరికి ఆడవాళ్ల వైపు నుంచి జెస్సీ లేచింది. కొంగు తలమీదికి లాక్కుని, కళ్లు మూసుకుంది.

"దేవా, మాయమ్మ లేదు. ఆయమ్మకు ఇంగేమీ అడగను," అంది. "మా అందరి పేర్లు ఇరవై రెండేండ్లు నీకు సదివినాడు ఈ మనిషి. ఆయన పేరు మేం ఒక్కనాడూ నీకు చెప్పలే. ఆయన పేరు అయ్యన్న. మోకాళ్ల నొప్పులు. పొద్దున్నుంచి ఏమీ తినలే."

అంతటితో ఆమె కూర్చుంది. ఈసారి ఎవరూ ఆమెన్ అనలేదు. సోమక్క చప్పుడు కాకుండా కళ్లు ఒత్తుకుంది. అయ్యన్న కూర్చున్నచోటే తల వంచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయన ఏడుపు ఆగేదాకా ఒక్కరూ లేచి ఇంటికి పోలేదు.