నిమ్‌పురా పిల్లకు చెవుడట!

నిమ్‌పురా రైల్వే యార్డు పక్కన కాపురం ఉన్నవాళ్ళకు చప్పుడంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. షంటింగులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటే మా క్వార్టరులో గ్లాసులు గలగలలాడేవి. మాకది వినిపించేదే కాదు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు మాత్రం ప్రతి మోతకూ ఉలిక్కిపడేవాళ్ళు.

ఎనభైల్లో నాకు కూతురు పుట్టింది. దానికి మూడో నెల నడుస్తుండగా మా అత్తగారు శ్రీకాకుళం వైపు నుంచి మనవరాల్ని చూడ్డానికి వచ్చింది. మర్నాడు ఉయ్యాల పక్కన నిలబడి ఉంటే బయట వ్యాగన్లు దభీమన్నాయి. ఆవిడ అదిరిపడింది. పిల్ల కనురెప్ప కూడా కదపలేదు.

"ఒలే, గుంటకి సెవుడే!" అంది.

"సెవుడేటత్తా? కడుపులో ఉన్నప్పట్నించీ ఆ మోతే ఇంటంది. దానికదే జోలపాట," అన్నాను.

నా మాట ఎవరు వింటారు? ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా వరసలో ఉన్న క్వార్టర్లన్నిటికీ తెలిసిపోయింది. అక్కడ మొదలైంది నా ఖర్మ.

ఆసుపత్రికి చెవుల డాక్టరు వచ్చేది పై వారం. అప్పటిదాకా ఆగండర్రా అంటే ఒక్కరూ ఆగలేదు. ఒకావిడ ఇత్తడి పళ్ళెం తెచ్చి గరిటెతో బాదింది. పక్కింటి బెంగాలీ దీదీ రోజూ సంధ్యవేళ ఊదే శంఖాన్ని తెచ్చి ఉయ్యాల దగ్గరే ఊదింది. "కిచ్ఛు హొయ్‌ని," ఏమీ కాలేదులే అని నన్ను ఓదార్చింది, ఓదారుస్తూనే మళ్ళీ ఊదింది. యార్డులో పాయింట్స్‌మన్‌గా పనిచేసే మా ఆయన గార్డు దగ్గర ఈల అరువు తెచ్చాడు. బుర్రున్న మనిషనుకున్నాను! ఈ ఊళ్ళో పుట్టిన పిల్లకు గార్డు ఈల కొత్తా? వ్యాగన్లకే లేవనిది పళ్ళేనికి లేస్తుందా? పిల్ల హాయిగా నిద్రపోయేది. పరీక్ష అయ్యాక అందరూ నా వైపు జాలిగా చూసేవాళ్ళు. ఆ చూపులకు నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

కోపం ఒక్కటే అయితే బాగుండును. వాళ్ళంతా వెళ్ళాక ఉయ్యాల మీదకు వంగి పిల్లను పేరు పెట్టి పిలిచేదాన్ని. అది నవ్వేది. నా గొంతు విని నవ్విందో, మొహం చూసి నవ్విందో ఎలా తెలుస్తుంది? నాకు భయం వేసేది.

ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి అత్తగారు పిల్ల తలాపి వైపు నేల మీద కూర్చుని ఉంది. మళ్ళీ ఏం పరీక్ష పెడుతోందోనని ఒళ్ళు మండింది.

"ఇంక సాలించత్తా! పిల్లని పడుకోనివ్వవా?" అని అరిచాను. నా అరుపుకూ పిల్ల కదల్లేదు. ఆ వారమంతా నేను అరుస్తూనే ఉన్నాను మరి.

ఆవిడ నా వైపు తిరగలేదు. "నా పెద్ద గుంట కూడా ఇలగే పడుకునీది. పిడుగు పడినా లెగిసీది కాదు. ఎంత మంచి పిల్లో అని మురిసిపోనాను," అంది.

మా ఆయనకు ఒక అక్క ఉండేదనీ, చిన్నప్పుడే పోయిందనీ తెలుసు. ఎలా పోయిందో ఆ ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు.

"ఎనక నించి ఎడ్లబండొచ్చింది. నానరిసినాను. దానికి ఇనపడనేదు."

అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా ఇంటి మోతల్లో దాన్ని ఏడుపనడానికి కూడా లేదు. ముక్కు ఎగబీల్చిన చిన్న చప్పుడు, అంతే.

పిల్ల కళ్ళు తెరిచింది. ఆ చప్పుడు ఎక్కడిదా అని మెడ అటూ ఇటూ తిప్పి వెతకడం మొదలుపెట్టింది. అది చూసి అత్తగారు బిత్తరపోయి ఏడుపు ఆపేసింది.

"అత్తా, ఇంకొక్కపాలి ఏడు," అని బతిమాలాను. అప్పటికి నాకూ కన్నీళ్ళు ఆగడం లేదు.

ఆవిడ మళ్ళీ ముక్కు ఎగబీల్చింది. పిల్ల తల పూర్తిగా అటు తిరిగింది.