కొలంబో గుమ్మం దాకా

అరవైల మొదట్లో నెల్లూరులో బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో నేను టైపిస్టును. ఎవరు కొన్నా బస్సును వాళ్ల గుమ్మం ముందు నిలిపి అప్పగించడం మా ఓనరుగారి అలవాటు. కొలంబో నుంచి వచ్చిన తెలుగు వ్యాపారికీ అదే ధరకు అలాగే మాటిచ్చి, ఒప్పందం టైపు చెయ్యమన్నారు.

"ఓడ కిరాయి, ఇన్సూరెన్సు, అక్కడి సుంకం అన్నీ మన నెత్తినే పడతాయి సార్. మద్రాసు రేవులో ఓడెక్కించేదాకే ఈ ధర సరిపోతుంది" అన్నాను.

"నీకెందుకమ్మే? చెప్పింది కొట్టు!" అని అందరి ముందూ గద్దించారు.

మిషన్లోంచి కాగితం లాగేశాను. "నేను కొట్టను. దీనిమీద సంతకం పెడితే షెడ్డు అమ్ముకోవాల్సిందే!"

ఎదురుగా కూర్చున్న వ్యాపారి తల దించుకుని, "సరే, మద్రాసు దాకే రాయండి" అన్నాడు. అంటే మాకొచ్చే నష్టం ఆయనకు ముందే తెలుసన్నమాట!

మర్నాడు ఓనరుగారు ఇంకో ఒప్పందం నా బల్లమీద పెట్టి, "చదివి చెప్పమ్మా, సంతకం పెట్టేదా?" అన్నారు.

ఉద్యోగం పోయినా ఆ కాగితం కొట్టేదాన్ని కాదు. ఇప్పటికీ కొట్టను.