ఆరిన బార్ మీద తడి

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని మొహం మీదే ఎగతాళి చేసే మనిషిని నేను. ఎలక్ట్రికల్ ఇంజనీర్ని, నా నమ్మకమంతా మీటర్ల మీదే. ఇది చదివి ఎవరైనా నన్ను వెక్కిరిస్తే తప్పుపట్టను.

2010ల మధ్యలో ఆక్లాండ్‌కి దక్షిణాన ఒక పవర్ స్టేషన్‌లో పనిచేసేదాన్ని. అక్కడి జనరేటర్ స్టేటర్‌లో, అంటే తిరగకుండా ఉండే బయటి భాగంలో, కరెంటు పారే రాగి బార్లు లోపల బోలుగా ఉంటాయి. వేడెక్కకుండా వాటిలో నీళ్ళు పారతాయి. అతుకు దగ్గర కాస్త కారినా చాలు, పైనున్న ఇన్సులేషన్ నానీ నానీ ఒకనాటికి ఆ బార్లన్నీ కలిసిన వైండింగ్ మొత్తం కాలిపోతుంది.

నాకు ఆ ఉద్యోగం ఇప్పించిన సీనియర్ ఇంజనీర్ సత్యం గారిది కాకినాడ. టెస్టులన్నీ పాసయ్యాక కూడా ఒక్కో బార్ మీద అరచెయ్యి ఆనించి చూసేవారు. "మీటర్ పని మీటర్‌ది, చెయ్యి పని చెయ్యిది అమ్మాయ్" అనేవారు. నేను నవ్వేదాన్ని.

ఆ ఏడాది మెషిన్ ఆపి, విప్పి రిపేర్లు చేసే షట్‌డౌన్ మధ్యలో ఆయన గుండెపోటుతో పోయారు.

అంత్యక్రియల రోజునే మెషిన్ మూతలు బిగించి మూసెయ్యాలి. చివరి చెకింగ్ నాది. క్రిమటోరియం నుంచి స్నానం కూడా చెయ్యకుండా నేరుగా డ్యూటీకి వెళ్ళాను. ప్రెషర్ టెస్ట్, వాక్యూమ్ టెస్ట్ అప్పటికే పాసయ్యాయి. స్టేటర్‌లోకి పాకుతూ వెళ్ళాను. ఆయన లేరన్న బాధ ఆగక, ఆయనలాగే ఒక్కో బార్ మీద చెయ్యి పెట్టాను.

ఒకచోట చెయ్యి తడిసింది. చల్లగా, మణికట్టు దాకా. తుడుచుకుని మళ్ళీ పెట్టాను, మళ్ళీ తడి. సూపర్‌వైజర్ని పిలిస్తే అతని చేతికి పొడిగానే తగిలింది. బాధలో ఉన్నావు, ఇంటికెళ్ళు అన్నాడు.

నాది వర్క్ వీసా. నా మాట తప్పయితే ఉద్యోగమూ పోతుంది, వీసా కూడా పోతుంది. అయినా మొండికేశాను. మిగతా టెస్టులకి దొరకని సన్న లీకుని కూడా పట్టించే హీలియం గ్యాస్ బార్లలో నింపి చూసేదాకా మెషిన్ మూయనివ్వనన్నాను.

సరిగ్గా ఆ అతుకు దగ్గరే డిటెక్టర్ మోగింది. వెంట్రుకవాసి పగులు.

అందరూ మెచ్చుకున్నారు. ఒక్క సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. టెస్టుల కోసం ఆ వైండింగ్‌లో నీళ్ళన్నీ ముందే తీసేసి ఆరబెట్టాం. లోపల చుక్క లేదు. మరి నా చేతికంటిన తడి ఎక్కడిది? ఇన్నేళ్ళైనా నాకు అంతుపట్టలేదు.

ఇంటికొస్తే, నాతో ఫ్లాట్‌లో ఉండే పద్మక్క గుమ్మంలోనే ఆపేసింది. "శవం దగ్గర్నుంచి వచ్చి స్నానం చెయ్యలేదా? ఆయన నీ వెంటే వచ్చేస్తాడే పిచ్చిదానా! ముందు పోయి తలమీద నీళ్ళు పోసుకో."

షవర్ కింద నిలబడ్డాను. చాలాసేపు ట్యాప్ తిప్పబుద్ధి కాలేదు. తిప్పితే ఆయన వెళ్ళిపోతారేమోనని ఏడుపొచ్చింది.